వెన్నెముక శస్త్రచికిత్స – రక్తపు గడ్డల నివారణ

పల్లెలలో వెన్నెముకకు దెబ్బ తగులుట అరుదైన సంగతి కాదు. కల్లు గీయువాడు తాటిచెట్టుపై మోకు జారి క్రింద పడును. దుక్కి దున్నుచున్న ట్రాక్టరు గట్టు మీద ఒరిగి తలక్రిందులగును. గడ్డివామిపై నిలిచి మోపులందించువాడు పట్టు తప్పి జారును. దెబ్బ తగులకున్నను, వెన్నుపూసల నడుమనుండు డిస్కు జారి నరమును నొక్కుటచేత గాని, క్షయవ్యాధి వెన్నుపూసలకు సోకుటచేత గాని శస్త్రచికిత్స అవసరమగు వారును కలరు. ఇట్టివారిలో పలువురు పూర్వము మంచము పట్టియే కాలము గడపెడివారు. నేడు పెద్ద వైద్యశాలలలో శస్త్రచికిత్స జరిగి, అనేకులు మరల తమ కాళ్లపై నిలువగలుగుచున్నారు. ఇది మిక్కిలి సంతోషింపదగిన విషయము.

అయితే ఒక సంగతి కలదు. శస్త్రచికిత్స చక్కగా జరిగినది, కుట్లు మానుచున్నవి, రోగి ఇల్లు చేరినాడు. ఇంటివారు అతనిని కాలు క్రింద పెట్టనీయక, మంచముపైననే ఉంచి, ఎంతయో ఆదరముతో చూచుకొనుచున్నారు. పది పదునైదు దినములు గడచిన పిమ్మట ఒకనాడు అతడు లేచి నాలుగడుగులు వేయగానే ఊపిరాడక కూలిపోయినాడనుకొందము. చూచినవారు గుండెపోటు వచ్చినదందురు. లేక ఆపరేషను వికటించినదందురు. ఇట్టి మరణములలో కొన్నింటికి కారణము గుండె కాదు, వెన్నెముకయును కాదు. కదలక పడియున్న కాలిలో పుట్టిన రక్తపు గడ్డ ఒకటి ఊడి, ఊపిరితిత్తులను చేరుటయే కారణము.

ఈ అపాయమును చాలవరకు నివారింపవచ్చును. అందులో కొంత భాగము వైద్యశాలలో జరుగవలెను. కొంత భాగము ఇంటిలో, గ్రామములో జరుగవలెను. ఆ రెండవ భాగము ఇంటివారికిని, గ్రామ పెద్దలకును తెలియనిచో మొదటి భాగము వ్యర్థము కావచ్చును. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును శ్రద్ధగా గ్రహింపవలెను.

రక్తము ఏల గడ్డకట్టును?

రక్తము గడ్డకట్టుట స్వతహాగా దోషము కాదు. అది శరీరమునకు రక్షణ. కొడవలి తగిలి వ్రేలు తెగినపుడు కొలది నిమిషములలో నెత్తురు గడ్డకట్టి గాయమును మూయకున్నచో, చిన్న గాయముతోడనే ప్రాణము పోవును. గడ్డ గాయము మీద కట్టినచో మేలు. రక్తనాళము లోపల, అవసరము లేని చోట కట్టినచో కీడు.

గుండెనుండి రక్తమును తీసికొనిపోవు నాళములను ధమనులందురు. మరల గుండెకు చేర్చు నాళములను సిరలందురు. పాదములనుండి రక్తము పైకెక్కుటకు గుండె యొక్క త్రోపుడు మాత్రమే చాలదు. మనము నడచునపుడు పిక్కలోని కండరములు ముడుచుకొని, లోపలి సిరలను పిండి, రక్తమును పైకి నెట్టును. సిరలలో చిన్న చిన్న కవాటములుండి, ఎక్కిన రక్తమును క్రిందికి జారనీయక ఆపును. అనగా ప్రతి మనిషి పిక్కయును ఒక నీటి పంపు వంటిది. కాలు కదలినంతసేపు పంపు పనిచేయును. కాలు ఆగినచో పంపు నెమ్మదించును.

కాలువ సంగతి రైతులకు చెప్పనక్కరలేదు. నీరు వేగముగా పారు చోట పూడిక నిలువదు, గుర్రపుడెక్క అల్లుకొనదు. నీరు నిలిచిన చోటనే అవి పెరుగును. ఒకనాడు ఆ గుర్రపుడెక్క తెప్ప ఊడి కొట్టుకొనివచ్చి తూమునకు అడ్డుపడినచో, క్రింది పొలములన్నియు ఎండిపోవును. కాలిసిరలో కట్టిన గడ్డయు అట్టిదే. అది ఉన్నచోట నున్నంతవరకు కాలు వాచి నొప్పి పుట్టింపవచ్చును. ఊడినచో పెద్ద సిర ద్వారా గుండె కుడిభాగమును చేరి, అచ్చటినుండి ఊపిరితిత్తులకు పోవు నాళములో ఇరుకుకొనును. గడ్డ చిన్నదైనచో ఆయాసము, ఛాతీనొప్పి కలుగును. పెద్దదైనచో నిమిషములలో ప్రాణాపాయము సంభవించును.

విర్కో చెప్పిన మూడు కారణములు

ఈ సంగతిని శాస్త్రీయముగా నిరూపించినవాడు జర్మనీ దేశపు వైద్యుడు రుడాల్ఫ్ విర్కో. ఊపిరితిత్తులలో కనబడు గడ్డలు అచ్చటనే పుట్టినవి కావనియు, దూరమందలి సిరలలో పుట్టి, ఊడి, రక్తముతో కొట్టుకొనివచ్చినవనియు ఆయన పరీక్షించి చూపెను. ఈ విషయములపై తాను వ్రాసిన వ్యాసములను 1856లో సంపుటముగా ప్రకటించెను. విర్కో 1859 మొదలు 1902లో మరణించువరకు బెర్లిను నగరసభలో సభ్యుడుగా నుండి, ఆ నగరమునకు మురుగునీటి కాలువలు ఏర్పడుటకు పాటుపడెను. ప్రజల ఆరోగ్యము వైద్యశాలలో మాత్రమే కాక సభలలో గూడ రక్షింపబడవలెనని నమ్మినవాడగుటచే, పంచాయతీ సభ్యులు జ్ఞాపకముంచుకొనదగిన వ్యక్తి. ఆయన జన్మదినమగు అక్టోబరు 13వ తేదీని, రక్తపు గడ్డలను గూర్చి ప్రజలకు తెలుపుటకై 2014 నుండి ప్రపంచ థ్రాంబోసిస్ దినముగా జరుపుచున్నారు.

సిరలలో గడ్డకట్టుటకు మూడు కారణములను విర్కో పేరుతో నేటికిని వైద్య విద్యార్థులకు బోధించుచున్నారు. మొదటిది రక్తప్రవాహము మందగించుట. రెండవది సిర యొక్క లోపలి గోడకు హాని కలుగుట. మూడవది రక్తమునకే గడ్డకట్టు గుణము హెచ్చుట.

వెన్నెముక శస్త్రచికిత్స జరిగిన రోగిలో ఈ మూడును కూడుటకు వీలున్నది. అతడు బల్లమీద, తరచుగా బోర్లపడి, కొన్ని గంటలసేపు కదలక యుండును. పిమ్మట నొప్పిచేత మంచముపై కదలడు. ఇది మొదటి కారణము. చెట్టుపైనుండి పడినపుడు తగిలిన దెబ్బలచేతను, కొన్ని శస్త్రచికిత్సలలో కడుపువైపునుండి వెన్నెముకను చేరునపుడు అచ్చటి పెద్ద సిరలను ప్రక్కకు తీయవలసివచ్చుటచేతను సిరలకు ఒత్తిడి తగులవచ్చును. ఇది రెండవది. గాయపడిన శరీరము నెత్తురు పోకుండుటకై రక్తమును గడ్డకట్టు స్థితిలో ఉంచును. దానికి తోడు రోగి నీరు తక్కువ త్రాగినచో రక్తము చిక్కబడును. ఇది మూడవది.

అందరికిని అపాయము సమానము కాదు. చిన్న డిస్కు ఆపరేషను జరిగి, మరునాడే లేచి నడచువారిలో గడ్డలు అరుదు. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు పడిపోయినవారిలో అపాయము మిక్కిలి హెచ్చు. పూర్వము ఒకమారు గడ్డకట్టినవారు, క్యాన్సరు గలవారు, వృద్ధులు, స్థూలకాయులు, గర్భవతులు, ఇటీవల ప్రసవించినవారు, గర్భనిరోధక మాత్రలు వాడుచున్నవారు గూడ ఎక్కువ జాగ్రత్త వహింపవలెను. ఈ సంగతులను శస్త్రచికిత్సకు ముందే వైద్యునకు దాచక చెప్పవలెను.

కెనడా దేశమందలి టొరాంటో నగరపు వైద్యులు 1994లో ఒక పరిశోధన ప్రకటించిరి. గట్టి దెబ్బలు తగిలి, గడ్డల నివారణకు ఏ చికిత్సయు పొందని 349 మంది కాలిసిరలను మందు ఎక్కించి ఎక్స్‌రేతో పరీక్షింపగా, 201 మందిలో గడ్డలు కనబడెను. వెన్నెముకకు దెబ్బ తగిలిన 66 మందిలో 41 మందికి గడ్డలుండెను. ఇందు గమనింపదగిన సంగతి వేరొకటి కలదు. గడ్డలున్న ఆ 201 మందిలో ముందుగా బయటికి లక్షణములు కనబడినది ముగ్గురికి మాత్రమే. కావున కాలు వాచలేదు గనుక భయము లేదని తలచుట పొరపాటు. లక్షణములకై వేచియుండుట నివారణ కాదు. లక్షణములు లేనపుడు చేయునదే నివారణ.

మొదటి ఉపాయము – కదలిక

శస్త్రచికిత్స జరిగినవారు వారముల తరబడి మంచము దిగరాదని పూర్వము వైద్యులే శాసించెడివారు. అమెరికాలోని చికాగో నగరపు వైద్యుడు ఎమిల్ రీస్, కడుపు ఆపరేషను జరిగిన రోగులను త్వరగా లేపి తిరుగనిచ్చుట మేలని 1899లోనే వ్రాసినను, చాలకాలము ఎవరును చెవినిడలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున వైద్యశాలలలో మంచములు చాలక, రోగులను త్వరగా లేపవలసివచ్చినపుడు, అట్లు లేచినవారు బాగుగా కోలుకొనుట చూచి ఈ పద్ధతి వ్యాపించినది.

నేడు వెన్నెముక శస్త్రచికిత్స పిమ్మటను, ఎముకలు స్థిరముగానున్నచో, రోగిని అదే దినమున గాని మరునాడు గాని లేపి నిలువబెట్టుదురు. అవసరమైనచో నడుమునకు పట్టీ కట్టి, ప్రక్కకు ఒత్తిగిలి లేచు విధము నేర్పుదురు. ఇంటివారు దీనిని చూచి “ఇంత కఠినమా?” అని బాధపడుట కలదు. అది కాఠిన్యము కాదు, అదియే రక్షణ.

ఇంకను లేవలేనివారు మంచముపై నుండియే పాదములను పైకి, క్రిందికి ఆడించుచుండవలెను. మేల్కొనియున్నంతసేపు గంటకు పదిమార్లయినను ఆడించినచో పిక్క కండరములు కొంతవరకు తమ పని చేయును. కాళ్లు పడిపోయినవారికి, వైద్యశాలలో నేర్పిన విధముగా ఇంటివారే కాళ్లను మెల్లగా కదలింపవలెను. మంచము చివర కాళ్లు వ్రేలాడవేసి గంటల తరబడి కూర్చుండుట నడకతో సమానము కాదు.

రెండవ ఉపాయము – మేజోళ్లు, గాలి పట్టీలు

కదలలేని కాలికి బయటినుండి సహాయము చేయు సాధనములు రెండు. ఒకటి, పాదమునొద్ద బిగువుగాను, పైకి పోవుకొలది వదులుగాను నుండునట్లు నేసిన మేజోళ్లు. రెండవది, పిక్కలకు చుట్టు గాలి పట్టీలు. యంత్రము సహాయముచే ఈ పట్టీలు మార్చి మార్చి గాలితో నిండుచు, తీయుచు, పిక్కను పిండి రక్తమును పైకి నెట్టును.

మేజోళ్లను కాలి కొలతను బట్టి వైద్యశాలవారే ఇయ్యవలెను. బిగువు తప్పిన మేజోళ్లు నిరుపయోగము. పైనుండి క్రిందికి చుట్టలుగా జారి మడతపడినచో, త్రాడు బిగించినట్లై కీడు చేయును. ధమనులు మూసుకొనిపోయి కాళ్లకు రక్తము చాలనివారికి మేజోళ్లు తగవు. బజారులో దొరకిన జతను కొని తొడుగుట గాని, మేజోళ్లకు బదులు గుడ్డపీలికలు బిగించి కట్టుట గాని కూడదు.

మూడవ ఉపాయము – మందులు, వాటి రెండువైపుల పదును

రక్తమును గడ్డకట్టనీయని మందుల చరిత్ర రైతులకు ఆసక్తి కలిగించును. 1916లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయపు వైద్య విద్యార్థి జే మెక్లీన్, జంతువుల కాలేయమునుండి తీసిన ఒక పదార్థము రక్తమును గడ్డకట్టనీయదని కనుగొనెను. కాలేయమునకు గ్రీకు భాషలోని పేరును బట్టి దానికి హెపరిన్ అను పేరు కలిగెను. మరియొక మందు కథ పశువుల కొట్టమునుండి వచ్చినది. 1920 తరువాతి సంవత్సరములలో ఉత్తర అమెరికాలో, బూజుపట్టిన ఒక జాతి పచ్చిరొట్ట మేసిన పశువులు చిన్న గాయమునకే నెత్తురు కారి చనిపోవుచుండెను. 1933లో ఒక రైతు చచ్చిన ఆవును, దాని గడ్డకట్టని నెత్తురును తీసికొని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు రాగా, కార్ల్ లింక్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో ఆరేండ్లకు పైగా కృషి చేసి, ఆ గడ్డిలోని విషపదార్థమును వేరుచేసెను. దానినుండి తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అమ్మకమునకు వచ్చి, 1954 నుండి మనుష్యులకు ఔషధమైనది. కొలత తెలిసి వాడిన ఔషధము, కొలత తప్పిన విషము – ఈ సంగతిని ఎల్లప్పుడు గుర్తుంచుకొనవలెను.

ఈ మందులు ప్రాణములు కాపాడుననుటకు సాక్ష్యము కలదు. లండనులో పనిచేసిన భారత సంతతి వైద్యుడు విజయ్ కక్కర్ నాయకత్వమున అనేక దేశముల వైద్యులు కలిసి, పెద్ద శస్త్రచికిత్సలు జరుగు 4,121 మందిని రెండు తెగలుగా చేసి పరీక్షించిరి. హెపరిన్ ఈయని తెగలో 16 మంది ఊపిరితిత్తులలో గడ్డ చేరి చనిపోయిరి. కొద్దిపాటి హెపరిన్ ఇచ్చిన తెగలో అట్లు చనిపోయినవారు ఇద్దరే. ఈ ఫలితములు 1975లో ప్రకటింపబడెను.

అట్లయినచో వెన్నెముక రోగులందరికిని ఈ సూదిమందు ఏల ఈయరు? అని సభ్యులు అడుగవచ్చును. ఇక్కడనే ఈ శస్త్రచికిత్స యొక్క ప్రత్యేకమైన చిక్కు కలదు. కడుపులో కొంత నెత్తురు ఊరినను అది విస్తరించుటకు చోటున్నది. వెన్నుపామో, ఎముకలతో కట్టిన ఇరుకు గొట్టములోనున్నది. అందులో ఆపరేషను జరిగిన చోట నెత్తురు కారి చేరినచో, తప్పుకొనుటకు చోటు లేక వెన్నుపామును గాని, నరములను గాని నొక్కును. కొన్ని గంటలలో మరల శస్త్రచికిత్స చేసి ఆ నెత్తురును తీయకున్నచో కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును. గడ్డ కట్టనీయని మందు ఈ అపాయమును హెచ్చించును. మందు ఈయకున్నచో కాలిలో గడ్డకట్టు భయము. ఇచ్చినచో వెన్నులో నెత్తురు కారు భయము. ఈ రెండింటిని తూచి నిర్ణయించుటయే వైద్యుని పని.

బ్రిటను దేశమున నైస్ అను సంస్థ 2018లో వెలువరించిన సూత్రములు ఈ తూనికను చక్కగా చూపుచున్నవి. ముందుగా నిశ్చయించుకొని చేయు వెన్నెముక శస్త్రచికిత్సలలో, రోగి చేరినది మొదలు మేజోళ్లు గాని గాలి పట్టీలు గాని వాడవలెను. గడ్డకట్టు అపాయము నెత్తురు కారు అపాయమును మించియున్నదని తోచినపుడు, శస్త్రచికిత్స జరిగిన 24 గంటలు మొదలు 48 గంటలలోపల హెపరిన్ జాతి సూదిమందును చేర్చుటను గూర్చి ఆలోచింపవలెను. అనగా కదలికయు, యంత్ర సాధనములును పునాది. మందు, రోగిని బట్టి వైద్యుడు చేర్చునది.

కావున ఒక రోగికి సూదిమందు వ్రాసి, వేరొకనికి వ్రాయకున్నచో అది పక్షపాతము కాదు, అశ్రద్ధయు కాదు. అట్లే ఒకరికి వ్రాసిన మందును మరియొకరు తెచ్చుకొని వాడుట మిక్కిలి అపాయకరము.

ఇంటికి చేరిన పిమ్మట

గడ్డకట్టు భయము వైద్యశాల గడప దాటగానే తీరిపోదు. కొన్ని వారములవరకు, ముఖ్యముగా తొలి నెలలో, జాగ్రత్త అవసరము. ఇంటివారు పాటింపదగిన నియమములు ఇవి.

ప్రయాణము: నగరమునుండి గ్రామమునకు నాలుగైదు గంటలు ప్రయాణింపవలసివచ్చినచో, వైద్యుని అనుమతితో నడుమ నడుమ వాహనము నిలిపి రోగిని నాలుగడుగులు నడపింపవలెను. కూర్చున్నంతసేపు పాదములు ఆడించుచుండవలెను.

నడక: వైద్యుడు చెప్పినంత దూరము, చెప్పినన్ని మార్లు నడువవలెను. బరువులెత్తుట, వంగుట మాత్రమే నిషేధము. నడక నిషేధము కాదు. “విశ్రాంతి” అను మాటకు మంచముపై కదలకుండుట అని అర్థము చెప్పుకొనరాదు.

నీరు: మరుగుదొడ్డి దూరముగా నుండుటచేతను, లేచి కూర్చుండుట కష్టమగుటచేతను రోగులు, ముఖ్యముగా స్త్రీలు, నీరు త్రాగుట మానుకొనుచున్నారు. ఇది అపాయము. నీరు తగ్గింపుమని వైద్యుడు ప్రత్యేకముగా చెప్పిననే తప్ప, తగినంత త్రాగవలెను. మంచమునకు దగ్గరలో కూర్చుండుటకు వీలైన కమోడు కుర్చీ ఏర్పాటుచేయుట ఖర్చులేని వైద్యము వంటిది.

మందులు: వ్రాసియిచ్చిన దినములన్నియు, వేళతప్పక వాడవలెను. కుట్లు మానినవని మానరాదు, మిగిలినవని పొడిగింపరాదు. రక్తము పలుచబడు మందు వాడుచున్నంతకాలము, వైద్యునకు తెలుపక నొప్పిమాత్రలు గాని, నాటుమందులు గాని పుచ్చుకొనరాదు; అవి నెత్తురు కారు భయమును పెంచును. గ్రామమందలి ప్రైవేటు వైద్యునిచే పిరుదుకు సూదులు వేయించుకొనుటయు కూడదు. కండలో నెత్తురు చేరవచ్చును. వార్ఫరిన్ మాత్రలు వాడువారు ఆకుకూరలు మానవలసిన పని లేదు. కాని ఒకనాడు మిక్కుటముగను, వేరొకనాడు శూన్యముగను తినక, సమానముగా తినవలెను.

మర్దన: ఆపరేషను జరిగినవారి పిక్క నొప్పిగానున్నచో నూనె రాచి పిసుకుట, కాపడము పెట్టుట మన ఇండ్లలో వాడుక. లోపల గడ్డయున్నచో ఆ పిసుకుడే దానిని ఊడదీయవచ్చును. నొప్పిగానున్న, వాచిన పిక్కను ఎవ్వరును మర్దింపరాదు.

అపాయ సూచనలు

ఈ క్రింది సూచనలను పంచాయతీ సభ్యులు, ఆశా కార్యకర్తలు, ఇంటివారు కంఠస్థము చేయవలెను.

కాలిలో గడ్డకు సూచనలు: ఒక కాలు మాత్రమే వాచుట, పిక్కలో గాని తొడలో గాని నొప్పి, ఆ చోట వేడి, ఎరుపు. ఇవి కనబడిననాడే వైద్యశాలకు పోవలెను. మరునాటికి వాయిదా వేయరాదు.

ఊపిరితిత్తులలో గడ్డకు సూచనలు: హఠాత్తుగా ఆయాసము, గట్టిగా ఊపిరి పీల్చినపుడు ఛాతీలో పోటు, దగ్గునందు నెత్తురు, గుండెదడ, స్పృహ తప్పుట. ఇవి కనబడిన క్షణముననే 108కి ఫోను చేయవలెను.

వెన్నులో నెత్తురు చేరుటకు సూచనలు: వెన్నునొప్పి తగ్గక హఠాత్తుగా హెచ్చుట, కాళ్లలో క్రొత్తగా బలము తగ్గుట, తిమ్మిరి, తొడల మధ్య స్పర్శ తెలియకపోవుట, మూత్రము బిగించుట లేక తెలియక పోవుట. ఇదియు గంటల లెక్కలో చూడవలసిన విషయమే. ఆపరేషను చేసిన వైద్యశాలకు వెంటనే తెలుపవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

పంచాయతీ సభ్యుడు వైద్యుడు కానక్కరలేదు. కాని వైద్యుని మాట గ్రామములో నిలుచునట్లు చూచుట అతని చేతిలో నున్నది. ఆపరేషను జరిగినవాడు వీధిలో నడచుచుండగా చూచి, “అయ్యో, పచ్చి పుండుతో తిరుగుచున్నాడే, పోయి పడుకొనుము” అని పెద్దలు మందలించినచో, అతడు సిగ్గుపడి మంచము చేరును. ఆ పెద్దలే “బాగున్నది, ఇంకొక పర్యాయము నడువుము” అనినచో అతనికి ధైర్యము కలుగును. ఇంత చిన్న మాటలో ఇంత తేడా యున్నది.

రెండవది, గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘము ద్వారా పెద్ద ఆపరేషను జరిగి గ్రామమునకు తిరిగివచ్చినవారి వివరము ఒక పుస్తకములో వ్రాయించవచ్చును. ఆపరేషను తేదీ, వైద్యశాల ఫోను నంబరు, రక్తము పలుచబడు మందు వాడుచున్నదియు లేనిదియు, ఎన్నాళ్లు వాడవలసినదియు అందుండవలెను. ఆశా కార్యకర్త గాని, ఏ.ఎన్.ఎం. గాని మొదటి నెలలో తరచుగా పోయి చూచుటకు ఇది దారి చూపును.

మూడవది, 2005లో ప్రారంభమైన 108 వాహనము ఇంటి ముంగిటికి రాగలుగునట్లు వీధి ఉండవలెను. గడ్డివాములు, కట్టెలమోపులు, పాక గుంజలు దారికి అడ్డుగానున్నచో తొలగింపజేయుట పంచాయతీ పనియే. వాహనము వచ్చినపుడు, ఈ రోగికి ఫలానా తేదీన వెన్నెముక ఆపరేషను జరిగినదని, ఫలానా మందు వాడుచున్నాడని తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాట, వైద్యుడు సరియైన పరీక్ష వెంటనే చేయించుటకు తోడ్పడును.

నాలుగవది, మరుగుదొడ్డి, నీరు, నడువదగిన చదునైన దారి – ఇవి రోగికి మందులతో సమానములు. వీధిలో ఇరువది గజముల మేర గోతులు పూడ్చి, బురద లేకుండ చేసినచో, వెన్నునొప్పితో కఱ్ఱ ఊతగా నడుచు మనిషికి అది గొప్ప సహాయము.

తాటిచెట్టుపైనుండి పడిన మనిషిని వైద్యశాలకు చేర్చుటకు ఊరంతయు పరుగెత్తును. చందాలు వేయుదురు, రక్తము ఇత్తురు, రాత్రింబవళ్లు కాపు కాయుదురు. అంత శ్రమపడి దక్కించుకొన్న ప్రాణము, తెలియనితనముచేత మంచముపై పోగొట్టుకొనుట తగదు. అతడు ఇల్లు చేరిన నాటినుండి ఊరు చేయవలసిన సేవ సులభమైనది – అతనిని నడువనిచ్చుట, నీరు త్రాగించుట, మందు తప్పనీయకుండుట, సూచన కనబడిననాడు ఆలస్యము చేయకుండుట.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామమున గడచిన సంవత్సరములో పెద్ద ఆపరేషను జరిగి తిరిగివచ్చినవారు ఎందరు? వారిని ఎవరు చూచుచున్నారు?

2. ఆపరేషను పిమ్మట కదలరాదను నమ్మకము మన గ్రామములో ఎంతవరకు కలదు? దానిని మాన్పుటకు ఎవరు చెప్పినచో విందురు?

3. 108 వాహనము పోలేని వీధులు ఏవి? వాటిని బాగుచేయుటకు ఏమి చేయవలెను?

4. కాలిలో గడ్డకు, ఊపిరితిత్తులలో గడ్డకు, వెన్నులో నెత్తురు చేరుటకు గల సూచనలను సభ్యులలో ఒకరు చూడక చెప్పగలరా?